మెరూన్‌లో ఇన్ని మెరూన్లా!

విశాఖలో ఊలు మఫ్లర్ ఎవరికమ్మా అని నవ్వకండి. మా పెద్దోడికి ఢిల్లీలో ఉద్యోగం. చారల మఫ్లర్ ఒకటి అల్లి పంపుదామని పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ఉన్న చిన్న ఊలు కొట్టుకి వెళ్లాను. మెరూన్, మీగడ రంగు, చెరో రెండు 50 గ్రాముల ఉండలు, 4 మి.మీ. సూదుల జత కొన్నాను. రంగులు మాత్రం బోలెడున్నాయి, కొట్టాయన విసుక్కోకుండా అన్నీ దించి చూపించాడు.

యాక్రిలిక్కే అయినా మెత్తగా ఉంది, పోగులు విడిపోవు. మన ఉక్కపోతకి చేతులు చెమట పట్టి సూది మీద జారదు, అది ఊలు తప్పు కాదు.

36 కుట్లతో మొదలుపెట్టి నాలుగు వరసలకోసారి రంగు మార్చాను. వరసలు సరిసంఖ్యలో ఉంటే దారం మళ్లీ అదే అంచుకి వస్తుంది, తెంపకుండా పక్కనుంచి పైకి లాక్కోవచ్చు. సగానికి వచ్చి రెండో మెరూన్ ఉండ విప్పితే, అది ముదురు! లేబుళ్లు చూస్తే లాట్ నంబర్లు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్లు, వేరు. తీసుకెళ్తే "ఉతికితే కలిసిపోతుందమ్మా" అన్నాడు. ఓ ముక్క ఉతికాను, ఏం కలవలేదు. మార్చి ఇవ్వనూ లేదు.

చేసేదేముంది, అంతా ఊడదీసి ఒక చార లేతది, ఒక చార ముదురుది వేశాను. కుచ్చులకి ఐదంగుళాల అట్టకి ఊలు చుట్టి, ఒక వైపు కత్తిరించి, క్రోషే సూదితో అంచుల్లోంచి లాగి ముడేశాను.

ఐదుకి మూడు స్టార్లు. మళ్లీ వెళ్తాను, కళ్లజోడు పెట్టుకుని.