ఊరి జవాన్ల స్మారకం: రాతిపని మెచ్చదగినది, నమూనాలు మాత్రం అరువువి

యుద్ధంలో ప్రాణాలర్పించిన మా ఊరి జవాన్లు ఇద్దరికి బడి ముందు నిలిపిన స్మారకాన్ని హన్మకొండ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలోని ఒక గ్రానైట్ కార్ఖానాలో చేయించాము. కమిటీ తరఫున అక్కడికి పలుమార్లు తిరిగినవాడిని నేనే.

వారు మొదట చూపిన నమూనాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: మెట్లమెట్లుగా లేచిన దిమ్మె, దానిపై తలకిందులుగా నిలిపిన తుపాకి, తుపాకి మీద హెల్మెట్. 1972 జనవరి 26న ఢిల్లీలోని ఇండియా గేటు కింద ఆవిష్కరించిన అమర్ జవాన్ జ్యోతికి ఇవి చిన్న నకళ్లు. అంత పెద్ద కమాను కింద ఒప్పిన రూపం మా వేపచెట్టు పక్కన ఆటబొమ్మలా తేలిపోతుందని మాకు తోచింది. కింది అరలో పోరాడుతున్న వీరుడిని, పై అరలో అతణ్ని స్వర్గానికి తోడ్కొనిపోతున్న అప్సరసలను, శిఖరాన సూర్యచంద్రులను చెక్కిన వీరగల్లులు మన పల్లెపొలిమేరల్లో ఎండకు ఎండుతూ ఉండగా ఢిల్లీ నకలు దేనికని అడిగాము. యజమాని కొంత నసిగినా, ఆరడుగుల నిలువురాయికి పైన సూర్యచంద్రులను మాత్రం ఉంచి, మిగతా చోటంతా పేర్లకు వదిలి కొత్త నమూనా గీయించారు.

నల్లరాయిని అద్దంలా మెరిపించవద్దని మేము పట్టుబట్టడం మంచిదైంది. నున్నని పాలిష్ మీద మధ్యాహ్నపు ఎండ పడితే పేర్లకు బదులు చూసేవాడి ముఖమే కనబడుతుంది. గరుకు ఫినిష్‌లో అక్షరాలు ఏ వేళలోనైనా చదవవచ్చు, అంచులు కూడా పదునుగా వచ్చాయి.

అసలు చిక్కు తెలుగుతోనే వచ్చింది. రబ్బరు స్టెన్సిల్ అతికించి ఇసుకతో కొట్టి అక్షరాలు దింపుతారు. కంప్యూటరులో ఫాంటు మార్చినప్పుడు ‘స్మృత్యర్థం’ అన్న మాటలో ఒత్తులు విడిపోయి పక్కకు జరిగాయి. అసలు కొలతలో కాగితం మీద తీసిన ప్రతిని మా తెలుగు మాస్టారు చదవకపోతే ఆ తప్పు రాతిలోనే ఉండిపోయేది. స్టెన్సిల్‌ను డబ్బు అడగకుండా మళ్లీ కోసి ఇచ్చినందుకు వారిని మెచ్చుకోవాలి. అయితే ధర అక్షరాల లెక్కన కనుక ఒత్తులను కూడా విడి అక్షరాలుగా బిల్లులో చేర్చారు. ఆ పద్దు మీద మాత్రం గట్టిగానే వాదించవలసి వచ్చింది.

బిగింపు పని రెండు వారాలు ఆలస్యమైనా రాయి నిటారుగా, కదలకుండా నిలిచింది. రాతిపనికి ఆ కార్ఖానాకు వెళ్లవచ్చు. నమూనా మాత్రం ఊరివారే గీయించుకొని వెళ్లాలి.