కాన్పు తర్వాత యూరిన్ లీక్‌కి ఫిజియోథెరపీ, నా రివ్యూ (5కి 4)

రెండో కాన్పయ్యి నాలుగేళ్లు, తుమ్మినా దగ్గినా పిల్లాణ్ణి ఎత్తుకున్నా కొంచెం లీక్ అయ్యేది, అమ్మకి చెప్తే "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనే" అనేసింది, నేనూ ప్యాడ్ పెట్టుకుని నెట్టుకొచ్చా. చివరికి గైనకాలజిస్ట్ యూరిన్ టెస్ట్ చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేలాక మా కూకట్‌పల్లి వైపే ఉన్న ఈ ఫిజియో క్లినిక్‌కి పంపారు.

ముందు మైనస్ చెప్పేస్తా. రిసెప్షన్‌లో అబ్బాయి అందరి ముందు "ప్రాబ్లం ఏంటి మేడమ్" అని గట్టిగా అడిగాడు, ఏం చెప్తాం, నడుం నొప్పి అన్నా. ఒక స్టార్ అక్కడే పోయింది.

లోపల మేడమ్ మాత్రం సూపర్. 3 రోజులు ఎన్ని నీళ్లు తాగా, ఎన్నిసార్లు బాత్రూమ్‌కెళ్లా, ఎప్పుడు లీకైంది అన్నీ రాసుకురమ్మన్నారు, పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాశా లెండి, రోజుకి 5 టీలు తాగుతున్నానని అప్పుడే తెలిసింది. యూట్యూబ్ చూసి ఏడాది నుంచి కీగల్స్ (యూరిన్ ఆపే కింది కండరాల్ని బిగించి వదిలే ఎక్సర్‌సైజ్) చేస్తున్నా, అదంతా తప్పంట! పొట్ట బిగబట్టి ఊపిరి ఆపేసేదాన్ని. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి, మామూలుగా ఊపిరి తీస్తూనే, తర్వాత పూర్తిగా వదిలెయ్యాలి, ఆ వదలడమే నాకు రాలేదు ముందు. 8 సార్ల చొప్పున రోజుకి 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలన్నారు, తుమ్ము వచ్చేలా ఉంటే ముందే బిగించమన్నారు.

మొదటి నెల ఏం తేడా లేదు, డబ్బులు దండగ అనుకున్నా. ఇప్పుడు నాలుగో నెల. నిన్న పోపులో మిర్చి ఘాటుకి వరసగా నాలుగు తుమ్ములు, ఏం కాలే!