బాజీరావా, మహాద్‌జీ సింధియానా: సేనానిగా ఎవరిది పైచేయి?

మరాఠా సేనానుల్లో గొప్పవాడెవరంటే చాలామంది మొదటి బాజీరావు పేరే చెబుతారు. ఇరవై ఏళ్లయినా నిండకముందే పీష్వా, అంటే మరాఠా రాజ్య ప్రధానమంత్రి, అయ్యాడు. 1740లో నర్మద ఒడ్డున రావేర్‌ఖేడీలో కన్నుమూసేదాకా పెద్ద యుద్ధం ఒక్కటీ ఓడలేదు. అయినా నా మొగ్గు తర్వాతి కాలపు మరాఠా సేనాని మహాద్‌జీ సింధియా వైపే.

బాజీరావు సత్తా చూడాలంటే పాల్‌ఖేడ్ దండయాత్ర ఒక్కటి చాలు. హైదరాబాద్ నిజాముల మూలపురుషుడు నిజాం-ఉల్-ముల్క్ మరాఠాలకు రావలసిన చౌత్ (రాబడిలో నాలుగో వంతు పన్ను) ఆపేసి, ఏకంగా పుణే మీదికే వచ్చాడు. బాజీరావు పుణేను కాపాడుకోవడానికి పరుగెత్తలేదు. గుజరాత్, బుర్హాన్‌పూర్‌ల వైపు దూసుకుపోతూ నిజాం సొంత గడ్డకే ఎసరు పెట్టాడు. నిజాం హడావిడిగా వెనుదిరిగాడు, బరువైన ఫిరంగులు వెనకబడ్డాయి. 1728 ఫిబ్రవరిలో పాల్‌ఖేడ్ దగ్గర, నీళ్లు దొరకని చోట అతన్ని చుట్టుముట్టారు. పెద్ద పోరు లేకుండానే నిజాం సంధికి దిగివచ్చాడు. బాజీరావు గుర్రం మీదే జొన్న కంకులు అరచేతిలో నలుపుకొని తినేవాడని చెప్పుకొంటారు. దండయాత్రకు దండయాత్ర పోల్చితే మహాద్‌జీ అతనికి సాటిరాడు.

కానీ ఆ వేగమంతా బాజీరావుతోనే పోయింది. 1761లో మరాఠా సేన కుటుంబాలను, యాత్రికులను వెంటబెట్టుకొని వెళ్లి, పానిపట్టులో అఫ్గాన్ రాజు అబ్దాలీ ఎదుట తిండికి మలమలమాడింది.

మహాద్‌జీ అసలు కథ ఆ ఓటమి నుంచే మొదలవుతుంది. అయినవాళ్లు పోయారు, కాలికి తగిలిన దెబ్బతో జీవితాంతం కుంటివాడయ్యాడు. పడి ఉన్న అతన్ని నీళ్లు మోసే రాణే ఖాన్ ఎద్దు మీద వేసుకొని తప్పించాడంటారు. పదేళ్లకే, 1771లో, మరాఠాలు మళ్లీ ఢిల్లీ పట్టుకున్నారు. మొఘల్ చక్రవర్తి షా ఆలంను సింహాసనానికి చేర్చడంలో ముందు నిలిచినవాడు మహాద్‌జీయే. 1782లో ఈస్టిండియా కంపెనీతో మరాఠాల యుద్ధాన్ని ముగించిన సాల్బాయి సంధి నడిచింది కూడా అతని చేతుల మీదుగానే. ఆ తర్వాత ఐరోపాలోని సవోయ్ దేశస్థుడు డి బోయిన్‌ను కొలువులో పెట్టుకొని, తుపాకులు పట్టిన కాల్బలాన్ని కవాతు నేర్పించి తయారు చేయించాడు. జీతాలు వేళకు అందేలా జాగీరు కేటాయించాడు. 1790లో మేడతా దగ్గర రాఠోడ్ రాజపుత్ర ఆశ్వికులు ప్రాణాలకు తెగించి మీద పడ్డా, చతురస్రంగా నిలబడ్డ ఆ పటాలాలు చెదరలేదు.

లోపం లేదనను. అధికారులు పరాయివాళ్లు. 1803లో కంపెనీతో యుద్ధం వచ్చేసరికి వారిలో ఆంగ్లేయులు కొలువు వదిలేశారు. అసాయేలో మహాద్‌జీ వారసుడు దౌలత్‌రావు సేన ఓడింది. తన మనుషులనే అధికారులుగా తీర్చిదిద్దకపోవడం మహాద్‌జీ చేసిన పెద్ద తప్పు. అయినా అసాయేలో ఆ పటాలాలు కంపెనీ సేనాని వెల్లెస్లీకి గెలుపును తేలిగ్గా ఇవ్వలేదు.

నా తూకంలో బరువైనది ఇదే: బాజీరావు చేతికి గెలుపు మీదున్న సేన వచ్చింది, మహాద్‌జీ చేతికి చితికిపోయిన సేన వచ్చింది. మనిషిని చూసి పని అప్పగించడమూ అతనికి తెలుసు. 1788లో షా ఆలం కళ్లు పీకించిన రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ మీదికి పంపిన సేనను నడిపింది ఆ రాణే ఖానే.