చాదర్ కప్పుకున్న రక్తపిశాచి, చాదర్ మరిచిన తల్లి: ఏది మేలు?

ఇరాన్ మూలాలున్న ఇద్దరు దర్శకులు ఇరాన్‌కు బయట, ఫార్సీలో తీసిన భయానక చిత్రాలివి. రెండింటిలోనూ కళ్లకు కట్టేది చాదరే, అంటే ఇరాన్ స్త్రీలు తల నుంచి పాదాల దాకా కప్పుకునే వస్త్రం. ఆనా లిలీ అమీర్‌పూర్ 2014లో తీసిన ‘ఎ గర్ల్ వాక్స్ హోమ్ ఎలోన్ ఎట్ నైట్’లో దాన్ని కప్పుకుని తిరిగేది ఓ రక్తపిశాచి. బాబక్ అన్వరీ 2016 నాటి ‘అండర్ ది షాడో’లో జిన్ను అనే దయ్యం చాదర్ రూపంలో ఇంట్లోకి దూరుతుంది.

పేరు ఎక్కువగా మోగింది మొదటిదే. నలుపు తెలుపుల్లో, బ్యాడ్ సిటీ అనే కల్పిత పట్టణంలో కథ నడుస్తుంది. వినిపించేది ఫార్సీ, కనిపించేవి చమురు పంపులు. చిత్రీకరణ జరిగింది కాలిఫోర్నియాలోని టాఫ్ట్‌లో. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన అమీర్‌పూర్ ఊహించుకున్న ఇరాన్ ఇలా ఉండటంలో వింతేమీ లేదు. రక్తపిశాచి అయిన అమ్మాయికి చాదర్ లోపల చారల చొక్కా. ఆమె నోట్లో వేలు పెట్టిన తార్పుడుగాడు ఆ వేలు పోగొట్టుకుంటాడు. చప్పట్లు దానికే పడతాయి గానీ నన్ను పట్టేసింది వీధి పిల్లవాడి సన్నివేశం. ‘నువ్వు మంచివాడివేనా?’ అని వాణ్ని ఆ అమ్మాయి అడుగుతుంది. అవునంటాడు. వదలదు, మళ్లీ అడుగుతుంది. చివరికి వాడి మీదకు వంగి, కళ్లు పీకి కుక్కలకు వేస్తానని, బతికినంత కాలం కనిపెట్టి ఉంటానని చెబుతుంది. వాడు పారిపోతాడు, స్కేట్‌బోర్డు ఆమెకు దక్కుతుంది. మగపెత్తనాన్ని మొలకలోనే పట్టుకుందీ దర్శకురాలు. అయితే ఆ అమ్మాయే ఏ పాపమూ ఎరగని ఓ నిరాశ్రయుడి రక్తమూ తాగుతుంది. స్త్రీల పక్షాన నిలిచిన న్యాయదేవత అని పొగిడేవారు ఈ ముక్క దాటవేస్తారు.

రెండోది 1980ల టెహ్రాన్. ఇరాక్ క్షిపణులు పడుతున్న రోజులు. విద్యార్థిగా వామపక్షం వైపు మొగ్గినందుకు కథానాయిక షీదేకు వైద్యవిద్య తలుపులు మూసేశారు. డాక్టరైన భర్తను యుద్ధరంగానికి పంపారు. ఆమెకు మిగిలిన కాస్త ఊపిరి, ఇంట్లో చాటుగా అమెరికన్ నటి జేన్ ఫోండా వ్యాయామ వీడియో క్యాసెట్ చూస్తూ చేసే వ్యాయామం. జిన్నుకు భయపడి ఓ రాత్రి కూతుర్ని ఎత్తుకుని బయటికి పరుగెడితే, తల మీద ముసుగు లేదని ప్రభుత్వ గస్తీవాళ్లు పట్టుకుంటారు, మందలించి పంపేస్తారు. ఎక్కడికి? మళ్లీ జిన్ను ఉన్న ఇంటికే! బయట ప్రభుత్వం, లోపల దయ్యం, రెండింటి వేషమూ ఒకటే.

నా ఓటు ‘అండర్ ది షాడో’కే. బ్యాడ్ సిటీలో ముసుగు వేసుకోమని శాసించేవాడు కనిపించడు కాబట్టి అక్కడ చాదర్ అందంగా ఎగురుతుంది. ఆ అమ్మాయి ధైర్యమంతా కోరల్లో ఉంది. షీదేకు కోరల్లేవు, ఒళ్లు మండే కోపమూ ఓ పసిపిల్లా తప్ప ఇంకేమీ లేవు. పరాయి నేల మీద పెరిగినవారి ఇరానీతనం ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం అమీర్‌పూర్ దగ్గరికే వెళ్లాలి, ఆ సంగీతం, ఆ నీడలు అన్వరీ దగ్గర దొరకవు. పైగా అన్వరీ చివర్లో జిన్నును అవసరానికి మించి చూపించేశాడు. ఆ కాసేపూ ఓర్చుకోవాలి.