రోజుకో పేజీ ‘చరిత్రలో ఈ రోజు’: బడిలో ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కోనసీమలో గౌతమి పాయకు దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఉదయం ప్రార్థన అయ్యాక ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి ‘చరిత్రలో ఈ రోజు’ చదవడం మా బడిలో అలవాటు. దానికి నేను వాడుతున్నది రోజుకో పేజీ చొప్పున, ఫిబ్రవరి 29తో కలిపి 366 పేజీలున్న ఒక లావుపాటి తెలుగు పుస్తకం. ప్రతి పేజీలో సంఘటనలు, జననాలు, మరణాలు అని మూడు భాగాలుంటాయి. ఇలాంటివి బజార్లో చాలానే దొరుకుతాయి. నా దగ్గరున్నది ఎవరు వేశారన్నది పక్కన పెడదాం. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహా పుస్తకాలన్నిటికీ దాదాపుగా వర్తిస్తాయి.

కొనొచ్చా అంటే, కొనండి. అయితే అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివించి మూసేస్తే పెద్ద లాభం ఉండదు. చేతిలో పెన్సిలు పెట్టుకుని, తేదీలు సరిచూసుకుంటూ, మన ఊరి సంగతులు మార్జిన్లో రాసుకుంటూ వాడితే మాత్రం, పిల్లలకు చరిత్ర మీద ఇంత ఇష్టం పుట్టించే పుస్తకం నాకు ఇంకొకటి కనబడలేదు.

తయారీ గురించి రెండు ముక్కలు. కాగితం నున్నగా మెరిసే రకం. మా వైపు వానాకాలం చెమ్మకు పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. జిగురు బైండింగ్ కావడంతో జూలై, ఆగస్టు పేజీలు ముందుగా ఊడొచ్చాయి. అమలాపురంలో దారంతో కుట్టించి గట్టి అట్ట వేయించాక ఇప్పటిదాకా నిలిచింది. మార్జిన్లు వెడల్పుగా ఇచ్చారు, అందుకు మాత్రం వేసినవాళ్లకు నిజంగా దణ్ణం పెట్టాలి.

పుస్తకం మొత్తంలో నిండుగా ఉన్న పేజీ ఏదంటే జూలై 4 అంటాను. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది ఆ రోజే. సరిగ్గా యాభై ఏళ్లకు, 1826లో అదే తేదీన, ఆ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్, దానికోసం గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్ కొన్ని గంటల తేడాలో కన్నుమూశారు. ఇద్దరూ మాజీ అధ్యక్షులే. 1902లో వివేకానందుడు, 1934లో మేరీ క్యూరీ చనిపోయింది కూడా జూలై 4నే. 1946లో ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. 1997లో పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. 2012లో ఐరోపాలోని సెర్న్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ అనుకోదగ్గ కణం దొరికిందని ప్రకటించారు. మన వాళ్లలో 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టారు, 1963లో పింగళి వెంకయ్య పోయారు. రాజు నరసాపురంలో కూడా కొన్నాళ్లు చదువుకున్నారని చెబితే మా పిల్లల మొహాలు వెలిగిపోతాయి. 2022లో ఆయన 125వ జయంతికి భీమవరంలో ప్రధాని ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహం సంగతి మార్జిన్లో నేను చేర్చాను.

ఈ పేజీ చదివిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, “ఇవన్నీ ఒకే రోజున ఎందుకు జరిగాయండీ టీచరు గారూ?” అని. ఆ ప్రశ్న దగ్గర పుస్తకం మనకేమీ సాయం చేయదు. వేల ఏళ్ల సంగతులన్నీ 366 పేజీల్లోనే సర్దాలి కాబట్టి ఏ పేజీ తెరిచినా ఇలాంటి కలయికలు దొరుకుతాయి. కానీ అన్నీ ఒక రకం కావు. ఆడమ్స్, జెఫర్సన్ ఒకే రోజు పోవడం కాకతాళీయం. ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యానికి ఆ తేదీ పెట్టింది అమెరికా, తన పండుగ రోజుకు కలిసేలా కావాలని పెట్టింది. తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు తమ స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చుకున్నారు. మన ఆగస్టు 15 కూడా ఎంచుకున్న తేదీయే. 1945లో జపాన్ లొంగిపోయిన రోజు కాబట్టి మౌంట్‌బాటెన్ దాన్ని పట్టుబట్టి ఖాయం చేశారు. అందుకే నేను ప్రతి పేజీలో, ఎవరో ఎంచుకున్న తేదీ పక్కన ‘ఎం’ అని, వాటంతట అవే కలిసిన తేదీల పక్కన ‘క’ అని పెన్సిలుతో గుర్తు పెడతాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పుడు నాకంటే ముందే చెప్పేస్తున్నారు.

తేదీల విషయంలో ఈ పుస్తకాన్ని గుడ్డిగా నమ్మకూడదు. మనిషి చంద్రుడి మీద దిగిన సంగతి జూలై 20 పేజీలో ఉంది. అది అమెరికా తేదీ. మన గడియారం ప్రకారం చంద్రుడి మీద ఈగిల్ నౌక దిగింది జూలై 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలకు. ఆర్మ్‌స్ట్రాంగ్ నేల మీద కాలు పెట్టేసరికి మనకు ఉదయం 8 గంటల 26 నిమిషాలు, సోమవారం, పిల్లలు బడికి తయారయ్యే వేళ. మే 8 పేజీలో ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిందని ఉంటుంది. రష్యా వాళ్లు మే 9న జరుపుకుంటారు. లొంగుబాటు అమల్లోకి వచ్చింది రాత్రి పదకొండు దాటాక, అప్పటికే మాస్కోలో తారీఖు మారిపోయింది. ఇక అక్టోబరు విప్లవం నవంబరు 7న ఎందుకుందో పుస్తకంలో ఒక్క మాట లేదు. రష్యాలో అప్పటికి పాత జూలియన్ క్యాలెండరే నడిచేది, వాళ్ల లెక్కలో అది అక్టోబరు 25. 1918లో జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14కు దూకి ప్రపంచంతో కలిశారు. న్యూటన్‌ను డిసెంబరు 25న పుట్టించడం కూడా ఈ పాత లెక్కే. ఇప్పుడు మనం వాడే కొత్త (గ్రెగోరియన్) లెక్కలో ఆయన పుట్టింది 1643 జనవరి 4.

ఇదంతా ఎక్కడో దూరదేశాల గొడవలా అనిపిస్తే మా పక్కనే ఉన్న యానాం, ఇంజరం చూపిస్తాను. 1731 నుంచి యానాంలో ఫ్రెంచి వాళ్ల వర్తక స్థావరం ఉండేది. ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీది. రెండూ దగ్గర దగ్గర ఊళ్లే. ఫ్రెంచి వాళ్లు 1582లోనే కొత్త క్యాలెండరుకు మారిపోయారు. ఇంగ్లీషు వాళ్లు 1752 దాకా పాతదే పట్టుకున్నారు. అంటే ఆ ఇరవై ఏళ్లూ ఒకే గోదావరి గాలి తగిలే రెండు ఊళ్లలో, ఒకే పూట, రెండు లెక్కల పుస్తకాల్లో రెండు తేదీలు. యానాంలో మే 12 అని రాస్తే ఇంజరంలో మే 1. చివరికి 1752లో ఇంగ్లండు సెప్టెంబరు 2 బుధవారం పడుకుని, సెప్టెంబరు 14 గురువారం లేచింది. ఈ ముక్క చెప్పిన రోజు పిల్లలు ఇంటర్వెల్లో కూడా నన్ను వదల్లేదు, “మరి ఆ మధ్యలో పుట్టినరోజులున్నవాళ్ల సంగతేంటండీ?” అంటూ.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, తెలుగులో తెలుగువాళ్ల కోసం వేసిన పుస్తకంలో గోదావరి దాదాపుగా లేదు. ఇంగ్లీషు జాబితాలను దించేసినట్టే ఉంది. జనవరి 8 తీసుకోండి. 1642లో గెలీలియో మరణం, సరిగ్గా మూడు వందల ఏళ్లకు 1942లో స్టీఫెన్ హాకింగ్ జననం. చదివి వినిపించగానే అందరూ ఆశ్చర్యపోయే జత అది. ఒకసారి అది చదివిన అమ్మాయి కాగితం మడిచాక కూడా వెళ్లకుండా అక్కడే నిలబడింది. “పాశర్లపూడి బావి కూడా ఈ రోజేనండి. మా మామ్మ చెప్పింది, రాత్రిళ్లు దీపం అక్కర్లేకుండా ఉండేదంట” అంది. నిజమే, 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి పేలి, మంటలు రెండు నెలలకు పైగా ఆగలేదు. పెన్సిలు ఆ పిల్ల చేతికే ఇచ్చాను. ఆ మార్జిన్లో ఇప్పటికీ ఉన్నది తన దస్తూరీయే. అప్పటి నుంచి మార్జిన్ రాసే పని పిల్లలకు అప్పగించాను, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రావాలి, తేదీ నేను సరిచూశాకే ఎక్కించాలి.

ఆగస్టు 16 పేజీ అలాగే నిండింది. అచ్చులో ఉన్నవి 1886లో రామకృష్ణ పరమహంస నిర్యాణం, 1946లో కలకత్తా మారణకాండ మొదలైన రోజు, 1960లో సైప్రస్ స్వతంత్ర దేశం కావడం, 1977లో ఎల్విస్ ప్రెస్లీ మరణం. మార్జిన్లో ఉన్నవి రెండు. ఒకటి, 1962లో యానాం చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైంది ఆ రోజే, అందుకే వాళ్లకు ఆగస్టు 15 మర్నాడు కూడా జెండా పండుగే. రెండోది 1986 వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులు. మా పిల్లలకు మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఏమిటో తెలుసు, ధవళేశ్వరంలో దాదాపు 17 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. దానికి రెట్టింపు అని చెప్పగానే లంక ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఎల్విస్ ఎవరో తెలియకపోయినా వాళ్లకు ఏ లోటూ లేదు గానీ, ఇది తెలియకపోతే లోటే.

నవంబరు 6న అబ్రహం లింకన్ ఎన్నిక ఉంది, 1860. 1996లో అదే తేదీన కోనసీమ తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, దీపావళికి నాలుగు రోజుల ముందు. ఆ రోజు ప్రపంచం అంతా మాట్లాడుకున్నది బిల్ క్లింటన్ రెండోసారి గెలవడం గురించి. కొబ్బరి తోటలు నేలమట్టమై, కొడుకులు వేట నుంచి తిరిగిరాని ఇళ్లకు ఆ వార్త ఎప్పుడు చేరిందో! మా దగ్గర ఇప్పటికీ వయసు అడిగితే ‘తొంభయ్యారు తుఫానుకి నాకు ఇన్నేళ్లు’ అని చెప్పేవాళ్లున్నారు.

నేను ఎప్పుడూ కాస్త ఎక్కువ సమయం ఇచ్చేది డిసెంబరు 11కు. అచ్చులో ఉన్నది 1936. ప్రేమించిన మహిళను పెళ్లాడటానికి ఎనిమిదో ఎడ్వర్డ్ బ్రిటన్ సింహాసనం వదులుకున్నాడు. ఆవిడ విడాకులు తీసుకున్న మనిషి కావడమే అభ్యంతరం. దానికి యాభై అయిదేళ్ల ముందే, 1881లో అదే తేదీన, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికూతురు గౌరమ్మ, పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. వెలి వేస్తామన్న బెదిరింపుల మధ్య జరిగిన పెళ్లి అది. రాజుగారి కథకు ఎంత పేరుందో, గౌరమ్మ ధైర్యానికి అంత పేరు రావాలని నా కోరిక. ఆ రోజు మాత్రం వరస తిరగేసి మార్జిన్ ముందు చదివిస్తాను.

ఇంకో లోపం. సంఘటనల్లో యుద్ధాలు, హత్యలు, ప్రమాదాలే ఎక్కువ. మే 8నే చూడండి, 1980లో ప్రపంచ ఆరోగ్య సభ మశూచి పూర్తిగా పోయిందని ప్రకటించింది. అంతకంటే పెద్ద శుభవార్త మనిషి చరిత్రలో ఎన్ని ఉన్నాయి? పుస్తకంలో ఆ ఊసే లేదు. మొహం మీద మచ్చలున్న ముసలివాళ్లు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. పైగా మే అంతా వేసవి సెలవులు. మే 7న కొయ్యూరులో అల్లూరి బలిదానం, మే 15న కాటన్ దొర పుట్టినరోజు, రెండూ ప్రార్థనలో చదవడానికి వీల్లేకుండా పోతాయి. అందుకే ఏప్రిల్ ఆఖరి పనిదినాల్లో మే పేజీలు ముందే చదివించేస్తాం. జననాల భాగంలో సినిమా తారలు, క్రికెటర్లు మరీ ఎక్కువయ్యారు, అది మేం దాటేస్తాం.

ఫోన్లో యాప్‌లు కూడా వాడి చూశాను. ఫోటోలు బాగుంటాయి, వెతకడం తేలిక. కానీ మార్జిన్ లేదు, పిల్లలు రాసే చోటు లేదు. తేదీలన్నీ అమెరికా, ఐరోపా లెక్కనే వస్తాయి. స్టాఫ్‌రూమ్‌లో ఏదైనా చటుక్కున చూసుకోవడానికి సరిపోతాయి.

మీరు ఇలాంటి పుస్తకం కొనాలనుకుంటే షాపులోనే నాలుగు పేజీలు తిప్పండి. జూలై 21లో చంద్రుడి ప్రస్తావన ఉందా? నవంబరు 7లో పాత క్యాలెండరు గురించి ఒక్క వాక్యమైనా ఉందా? మే 8లో మశూచి ఉందా? ఆగస్టు 16లో గోదావరి వరద ఉందా? మొదటి మూడూ ఉంటే బిల్లు వేయించుకోండి. నాలుగోది ఉంటే నాకూ ఆ పుస్తకం పేరు చెప్పండి, మా లైబ్రరీకి తెప్పిస్తాను. బైండింగ్ దారంతో కుట్టిందో లేదో చూడండి, మార్జిన్ అంగుళం కంటే తక్కువుంటే మాత్రం తీసుకోకండి.