మూడు మారియోలు, ఒకే కార్డు

నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో, మూడు పాత మారియో వీడియో గేమ్‌లు కలిపిన 'సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్' పెట్టగానే ముందు తెరిచింది 1996 నాటి 'సూపర్ మారియో 64'. కోట ముందు పచ్చికలో పది నిమిషాలు ఊరికే గెంతుతూ తిరిగాను. వేళ్లకు అంతా గుర్తుంది: మూడో గెంతుకి పల్టీ, గోడను తాకగానే బటన్ నొక్కితే ఎదురు వైపుకు ఎగరడం. బొమ్మ మునుపటికన్నా స్పష్టంగా ఉంది కానీ, స్క్రీన్‌కి రెండు పక్కలా నల్ల పట్టీలు అలాగే వదిలేశారు. ఆటను చూపించే కెమెరా కోణం సంగతి చెప్పక్కర్లేదు. ఇరుకు చోట మనమొకటి తలిస్తే అదొకటి తలుస్తుంది.

2002 నాటి 'సన్‌షైన్' స్క్రీన్ నిండా వస్తుంది. నాకు అసలు చిక్కు మారియో వీపున ఉండే నీళ్ల పంపుతో. ఈ ఆట మొదట వచ్చిన గేమ్‌క్యూబ్ కన్సోల్‌లో ట్రిగ్గర్‌ని (కంట్రోలర్ పైఅంచున ఉండే మీటని) ఎంత నొక్కితే నీళ్లు అంత జోరుగా వచ్చేవి. స్విచ్ ట్రిగ్గర్‌కి ఆ తేడా తెలియదు. అందుకే పరిగెడుతూ చిమ్మడానికి ఒక బటన్, నిలబడి గురిపెట్టడానికి ఇంకోటి. మొదటి గంటంతా తప్పు బటనే నొక్కి, మీదికొస్తున్న శత్రువుల ముందు కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. తర్వాత అలవాటైందిలెండి.

2007 నాటి 'గెలాక్సీ' మాత్రం నిన్న చేసిన ఆటలా ఉంది. గింగిరాలు తిరగడానికి కంట్రోలర్ ఊపక్కర్లేదు, బటన్ చాలు. చేతిలో పట్టుకుని ఆడితే నక్షత్రపు ముక్కల్ని స్క్రీన్ మీద వేలితో ఏరుకోవాలి. ఆ కాస్తలో బటన్ల మీంచి చెయ్యి తీసి రెండుసార్లు అగాధంలో పడ్డాక టీవీకే పెట్టేశాను. 'గెలాక్సీ 2' ఇందులో లేదు, అదే వెలితి. మూడు ఆటల సంగీతం విడిగా వినొచ్చు, స్క్రీన్ ఆపేసి కూడా. రాత్రి పడుకునే ముందు నేను చేస్తున్నది అదే.