విడిభాగాల ఎయిర్ రైఫిల్ కిట్ కొంటున్నారా? గ్రీజు పూయకముందే కొలతలు తీయండి

"స్క్రూడ్రైవర్ ఒక్కటుంటే చాలు, అరగంటలో మీరే బిగించుకోవచ్చు" అంటూ విడిభాగాలుగా అమ్ముతున్న స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కిట్లతో జాగ్రత్త. బ్యారెల్ మడిచి కాక్ చేసే (అంటే లోపలి స్ప్రింగ్‌ని నొక్కి పేల్చడానికి సిద్ధం చేసే) రకం రైఫిల్ స్క్రూడ్రైవర్‌తో మాత్రమే బిగిసేది కాదు. బిగుస్తుందని చెప్పే అమ్మకందారుకు తన సరుకు గురించి తెలియదనైనా అనుకోవాలి, కొనేవాళ్ల చేతివేళ్ల గురించి పట్టదనైనా అనుకోవాలి. "పవర్ కిట్" పేరుతో వచ్చే స్ప్రింగ్, సీల్ సెట్ల సంగతీ ఇంతే.

పెట్టె సీలు తీసేటప్పటి నుంచీ వీడియో తీయండి. తెల్లటి గుడ్డ పరిచి భాగాలన్నీ వరసగా పెట్టండి: సిలిండర్, బ్యారెల్, పిస్టన్, పిస్టన్ సీల్ (గాలి కారకుండా పిస్టన్ ముందు ఉండే తొడుగు), మెయిన్ స్ప్రింగ్, స్ప్రింగ్ గైడ్ (స్ప్రింగ్ వంగకుండా దాని లోపల దూరే కడ్డీ), వెనక ఎండ్ బ్లాక్, ట్రిగ్గర్ యూనిట్, పిన్నులు, కాకింగ్ లివర్, పివట్ బోల్టు (బ్యారెల్ మడిచే కీలు దగ్గరిది), దానికి రెండు పక్కలా పడే పల్చటి వాషర్లు, బ్రీచ్ సీల్ (బ్యారెల్, సిలిండర్ కలిసే చోట గాలి పోకుండా ఉండే రింగు), స్టాక్ (భుజానికి ఆనే పిడి), స్టాక్ స్క్రూలు. పెద్దవి ఎలాగూ కనబడతాయి. చిన్నవాటి దగ్గరే మోసపోతాం, ముఖ్యంగా స్ప్రింగ్ గైడ్, పివట్ వాషర్ల దగ్గర. గైడ్ లేకపోతే స్ప్రింగ్ నొక్కుకునేటప్పుడు నడుము వంచినట్టు పక్కకి వంగి పిస్టన్ గోడని గీకుతుంది. వాషర్లు లేకపోతే బ్యారెల్ పక్కలకి ఊగుతుంది, గురి ఎంత సరిచేసినా పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ చిన్న గుళ్లు) చెల్లాచెదురుగా పడతాయి. అందరూ స్కోప్‌ని తిట్టుకుంటారు, తప్పు మాత్రం పివట్ దగ్గర ఉంటుంది.

ఇక అసలు సంగతి, స్ప్రింగ్. దీన్ని చూపుతో తేల్చలేం. వెర్నియర్ కాలిపర్ కావాల్సిందే. తీగ మందం కొలవండి, చుట్లు లెక్కపెట్టండి, రెండింటినీ గుణించండి. పూర్తిగా నొక్కుకుని చుట్టుకి చుట్టు తగిలినప్పుడు స్ప్రింగ్‌కి ఉండే పొడవు దాదాపు అదే. 3.0 మిల్లీమీటర్ల తీగ, 33 చుట్లు అయితే 99 మి.మీ. అదే 33 చుట్లు 3.2 మి.మీ. తీగతో వస్తే 105.6 మి.మీ. తీగలో తేడా 0.2 మి.మీ., పొడవులో తేడా 6.6 మి.మీ. ఇప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ట్రిగ్గర్ కొక్కేనికి తగులుకున్నప్పుడు స్ప్రింగ్‌కి మిగిలే చోటెంతో స్ప్రింగ్ లేకుండా ఒకసారి అమర్చి కొలవండి. ఆ చోటు 103 మి.మీ. ఉంటే మొదటి స్ప్రింగ్ పడుతుంది, రెండోది పడదు. పడని స్ప్రింగ్ వేస్తే రైఫిల్ కాక్ అవదు. లివర్ చివరిదాకా వచ్చేలోపే చుట్లన్నీ అతుక్కుపోతాయి. కొత్తవాళ్లు "బిగుసుగా ఉంది, కొత్తది కదా" అనుకుని బలంగా లాగుతారు. లివర్ వంగుతుంది, లేదా పివట్ పట్టు వదులుతుంది. పవర్ కిట్లలో ఎక్కువగా జరిగేది ఇదే. మందం తీగ, ఎక్కువ చుట్లు వేసి "ఎక్కువ శక్తి" అని అమ్ముతారు, ఏ మోడల్ సిలిండర్‌లో పడుతుందో మాత్రం రాయరు.

స్ప్రింగ్‌ని బల్ల మీద దొర్లించండి. తిన్నగా దొర్లాలి. అరటిపండులా వంపుంటే తిప్పి పంపండి. రెండు కొసలూ చదునుగా అరగదీసి ఉండాలి. కోసిన కొస పొడుచుకొచ్చి ఉంటే అది గైడ్‌ని చెక్కేస్తుంది. నొక్కుకున్నప్పుడు స్ప్రింగ్ బయటి వ్యాసం కొంచెం పెరుగుతుంది కాబట్టి పిస్టన్ లోపల మరీ బిగుతుగా దిగేదీ పనికిరాదు. గైడ్ మీద మాత్రం దగ్గరగా కూర్చోవాలి. అక్కడ వదులుంటే పేల్చిన ప్రతిసారీ తంబూరా తీగ మీటినట్టు మోత వస్తుంది.

పిస్టన్ సీల్‌ని విడిగా, పొడిగా సిలిండర్‌లో పెట్టి చూడండి. బొటనవేలితో గట్టిగా తోస్తే కదలాలి. దానంతటదే జారిపోతే గాలి కారుతుంది, సుత్తి కావాల్సి వస్తే సైజు తప్పు.

ఈ కొలతలన్నీ గ్రీజు ముట్టకముందే ఎందుకంటే, నూనె మరక పడిన భాగాన్ని "వాడేశారు" అని అమ్మకందారు వెనక్కి తీసుకోడు. కాలిపర్ అంకె స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి, పక్కన ప్రకటనలో రాసిన సైజు పెట్టి పంపితే వాదనకి చోటుండదు. "సరిగ్గా పట్టడం లేదు" అని మాటల్లో రాస్తే నెలలు గడుస్తాయి.

కొలతలు కుదిరినా, స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని మెల్లగా నొక్కి పట్టే చట్రం) లేకుండా బిగించడానికి పూనుకోకండి. కొన్ని మోడళ్లలో స్ప్రింగ్ సిలిండర్ అంచు దాటి 5 నుంచి 8 సెంటీమీటర్లు బయటికి నిలబడుతుంది. దాన్నంతా లోపలికి నొక్కి, ఎండ్ బ్లాక్ రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా వచ్చాక పిన్ను దింపాలి. ఒంటి బరువుతో గోడకానించి నొక్కేవాళ్లున్నారు. చెయ్యి జారితే బ్లాక్ నేరుగా ముఖం మీదికే వస్తుంది. పొడుగాటి మరకడ్డీ, గట్టి చెక్క ఫ్రేము ఉంటే కంప్రెసర్ ఇంట్లోనే తయారవుతుంది. రైఫిల్ పక్కకి జారకుండా ముందూ వెనకా గాడి ఉండాలి, మర ఒక్కో చుట్టూ తిప్పుతూ పోవాలి, మీ తల ఎప్పుడూ సిలిండర్ వరసలో ఉండకూడదు. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. పాత రైఫిల్ విప్పేటప్పుడూ ఇంతే. పిన్ను తీసేముందే కంప్రెసర్ ఆని ఉండాలి.

పిస్టన్ దించేటప్పుడు ఒక చిన్న చోట చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. సిలిండర్ కింద లివర్ కోసం పొడుగాటి గాడి కోసి ఉంటుంది. ఆ గాడి అంచు మీద గోరు నడిపి చూడండి. చవక కిట్లలో అది బ్లేడులా ఉంటుంది. సీల్ దాని మీదుగా వెళ్లేటప్పుడు అంచు నుంచి సన్నటి పొర లేస్తుంది, కొబ్బరి కోరులా. కంటికి సరిగ్గా ఆనదు గానీ ఆ సీల్ పని అయిపోయినట్టే. ముందే నున్నటి ఎమెరీ కాగితంతో అంచు రుద్ది, రాపిడి పొడి అంతా తుడిచేయండి. దించేటప్పుడు పల్చటి ప్లాస్టిక్ షీటు గాడికి అడ్డంగా పెట్టి, సీల్ దాటాక లాగేయండి.

కిట్‌లో "లూబ్రికెంట్" అని పేరు లేని నూనె సీసా వస్తే పక్కన పెట్టండి. పేలినప్పుడు పిస్టన్ ముందున్న గాలి ఒక్కసారిగా కుదించుకుని విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ మామూలు నూనె ఉంటే డీజిల్ ఇంజన్‌లో లాగే మండుతుంది. పొగ, కాలిన వాసన, తుపాకీ పేలినంత చప్పుడు వస్తాయి. కొత్తవాళ్లు దాన్ని శక్తి అనుకుని మురిసిపోతారు, ఈలోగా సీల్ కాలిపోతుంది, స్ప్రింగ్ దెబ్బతింటుంది. పిస్టన్ ఒంటికి, స్ప్రింగ్‌కి మాలిబ్డినం గ్రీజు పల్చగా పూస్తే చాలు. సీల్ ముందు భాగం పొడిగా ఉండాలి. మొదటి పది ఇరవై దెబ్బల్లో కాస్త పొగ కనబడడం మామూలే, పెద్ద చప్పుడు మాత్రం మామూలు కాదు.

వేగం గురించిన ప్రకటనల్నీ నమ్మకండి. "సెకనుకి 300 మీటర్లు" అన్నది 0.35 గ్రాముల తేలిక మిశ్రలోహపు పెల్లెట్‌తో తీసిన అంకె కావచ్చు. దాని శక్తి 15.75 జౌళ్లు. మామూలు 0.55 గ్రాముల సీసం పెల్లెట్ సెకనుకి 240 మీటర్లు వెళ్లినా దాదాపు అంతే శక్తి. అమ్మకందారుని అడగాల్సింది జౌళ్లు, పెల్లెట్ బరువు. చాలా దేశాల్లో చట్టం కూడా జౌళ్లనే చూస్తుంది. స్ప్రింగ్ మార్చి మీరున్న చోటి పరిమితి దాటితే బాధ్యత మీదే, "లైసెన్సు అక్కర్లేదు" అన్న అమ్మకందారు పక్కన నిలబడడు.

మొదటిసారి కాక్ చేసేటప్పుడు కొక్కెం తగులుకున్న చప్పుడు వినబడినా బ్యారెల్ మీది చెయ్యి తీయకండి. పెల్లెట్ పెట్టేంతసేపూ ఆ చేత్తో పట్టుకునే ఉండాలి. కొక్కెం జారితే బ్యారెల్ విసురుగా మూసుకుని మధ్యలో ఉన్న వేలిని నలిపేస్తుంది. ట్రిగ్గర్ యూనిట్‌లో పిన్నులు వదులుగా ఉన్న కిట్లలో ఇది ఊహించి చెప్పే భయం కాదు. పెల్లెట్ లేకుండా పేల్చి చూడడం కూడా వద్దు. ముందు అడ్డుకునే గాలి మెత్త ఉండదు, పిస్టన్ నేరుగా సిలిండర్ గోడని గుద్దుతుంది.

బలమైన పెల్లెట్ ట్రాప్‌లోకే (పెల్లెట్లని ఆపి పట్టే పెట్టె) పేల్చండి, వెనక ఎవరూ ఉండకూడదు. పేల్చే ముందు బ్యారెల్, సిలిండర్ కలిసే అతుకు మీద సన్నటి టిష్యూ ముక్క పెట్టండి. అది ఎగిరితే బ్రీచ్ సీల్ దగ్గర గాలి పోతోంది. వెంటనే కొత్త పిస్టన్ సీల్‌కి ఆర్డర్ పెట్టకండి. బ్రీచ్ సీల్ లోహపు అంచు కన్నా రవ్వంత పైకి ఉందో లేదో చూసి, లేకపోతే దాని కింద పల్చటి షిమ్ (ఎత్తు పెంచే రేకు ముక్క) వేసి మళ్లీ టిష్యూ పెట్టి చూడండి.